కూత వినపడని చోట

నెలన్నర కిందట ఒక మంగళవారం పొద్దున్న, మా ఖరగ్‌పూర్‌లోని పెద్ద ఇంజనీరింగు విద్యాసంస్థ ఫుడ్ కోర్టులో, మొదటి కుర్రాడు కౌంటరు ముందుకొచ్చి నోరు తెరిచేలోగానే అతని చేతికి దోశ ప్లేటు అందింది. పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డ ఆఫీసరు గారి బొటనవేలు గాలిలో అలాగే ఆగిపోయింది. ఆర్డరు చెప్పిన క్షణం నుంచి ప్లేటు చేతికొచ్చేదాకా ఎంతసేపు పడుతుందో కొలవడం ఆయన పని. ఇక్కడ ఆర్డరు ఇంకా పుట్టనే లేదు, ప్లేటు మాత్రం వచ్చేసింది. ఆయన మర్యాదస్తుడు. బెంగాలీలో మెల్లిగా, పిన్నిగారూ అన్నట్టు, "మాసీమా, ఈ అబ్బాయి ఏం కావాలో ఇంకా చెప్పలేదు కదా" అన్నారు. మా చిన్నత్త కొనుగోలుదారులకి వీపు పెట్టి నిలబడి ఉంది. వెనక్కి తిరక్కుండా, పెనం మీద నుంచి చెయ్యి ఆపకుండా, తెలుగులోనే జవాబిచ్చింది: "సెప్పడానికేటుంది బావూ, ఇక్కడున్నది దోశే కదా." ఆయనకి ఆ మాట అర్థం కాలేదు గానీ ఆ లోగా రెండో ప్లేటు, మూడో ప్లేటు కూడా వెళ్లిపోయాయి. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.

నలభై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ని. కళ్లముందు ఏం జరిగినా కదలకుండా చూసి రాసుకోవడం తప్ప చప్పట్లు కొట్టడం మా వృత్తిలో లేదు. ఆ రోజు మాత్రం నాకు తెలియకుండానే ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక దోశ వేళకి అందినందుకు అరవై దాటిన మనిషి లేచి నిలబడటమేమిటని మీకు అనిపించవచ్చు. దానికి కారణం చెప్పాలంటే ముందు కూత గురించి చెప్పాలి.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరన్‌ని మావాళ్లు కూత అనేవారు. ఇప్పటికీ అంటారు. నా చిన్నప్పుడు క్వార్టర్లలో గోడ గడియారం ఉన్న ఇళ్లు తక్కువ, ఉన్నా వాటిని ఎవరూ నమ్మేవారు కాదు. కూత పడితే మగవాళ్లు పనికి వెళ్లేవారు, మళ్లీ కూత పడితే అన్నానికి వచ్చేవారు. సాయంత్రం కూత పడ్డాక నేను ఇంకా మైదానంలోనే కనిపిస్తే వీపు మోగేది. మా అమ్మ ఉత్తరాల్లో కూడా "పొద్దున్న కూతకి ముందే కాన్పు అయింది" అని రాసేది. శ్రీకాకుళంలో ఆ ఉత్తరం చదివేవాళ్లకి ఏమర్థమయ్యేదో నాకు తెలియదు. మా చిన్నత్త, అంటే మా నాన్నకి ఆఖరి చెల్లెలు, ఆ పక్క పల్లె నుంచే పెళ్లయి ఇక్కడికి వచ్చింది. మామయ్య వర్క్‌షాపు టైం ఆఫీసులో గుమాస్తా. ఎవరు ఎన్నింటికి గేటు లోపలికి వెళ్లారో రాసే ఉద్యోగం. ఊరు మొత్తం కూత వింటే, మామయ్య కూతతో కాపురం చేసేవాడని మా నాన్న వేళాకోళమాడేవాడు.

మధ్యాహ్నం విరామం చిన్నది. ఊళ్లో కుటుంబం లేని తెలుగువాళ్లు, ఇంటినుంచి డబ్బా తెచ్చుకోని వాళ్లు, గేటు దాటి హోటలుకి వెళ్లి కూర్చుంటే తిరిగి వెళ్లే వేళ మించిపోయేది. అలాంటివాళ్లలో ఇద్దరిని మామయ్య ఒకరోజు ఇంటికి తీసుకొచ్చాడట. అత్త వంటింటి కిటికీ రోడ్డు వైపు ఉండేది. ఆమె లోపలినుంచే రెండు దోశలు విస్తళ్లకి వాడే శాలాకులో మడిచి, లోపల సెనగపప్పు చట్నీ రాసి, కిటికీలోంచి అందించింది. వాళ్లు అక్కడే తినేసి, కూతకి ముందే గేటు దగ్గర ఉన్నారు. మర్నాడు ఆరుగురు వచ్చారు. ఆ తరవాత ఎవరూ లెక్కపెట్టలేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ కిటికీ. కింద సిమెంటు దిమ్మ ఒకటి ఉండేది. సైకిలు మీద వచ్చినవాడు ఎడమ కాలు దాని మీద ఆనించి, కుడి కాలు పెడలు మీదే ఉంచి, చెయ్యి చాపేవాడు. వేడి వేడి శాలాకు పొట్లం చేతిలో పడేది. అది పంటి కింద కొరుకుతూ ఒంటి చేత్తో హ్యాండిలు పట్టుకుని వెళ్లిపోయేవాడు. బొగ్గుల పొయ్యి పొగ, ఆకు కమురు వాసన, మినప్పిండి పులుపు, వర్క్‌షాపు బట్టల గ్రీజు వాసన అన్నీ కలిసి ఆ కిటికీ దగ్గర ఒక ప్రత్యేకమైన గాలి ఉండేది. ఇప్పుడు పెద్ద ఊళ్లలో కారు దిగకుండానే కిటికీ దగ్గర తిండి కొనుక్కోవచ్చని గొప్పగా చెప్పుకుంటారు. మా అత్త కిటికీ దగ్గర సైకిలు దిగినవాణ్ని నేను చూడలేదు.

ఇందులో అసలు కిటుకు పెనానిదీ కాదు, పిండిదీ కాదు. కూత పడ్డాక మొదటి సైకిలు గేటు దాటి కిటికీ దగ్గరికి రావడానికి ఎంత సమయం పట్టేదో, దోశ అంచు లేచి ఎర్రబడటానికి సరిగ్గా అంతే పట్టేది. కాబట్టి అత్త కూత మొదలవగానే గరిటె పిండిలో ముంచేది. కూత ఆగేసరికి పెనం మీద నాలుగు దోశలు ఉండేవి. ముందు వేస్తే చల్లారిపోతుంది, చల్లారిన దోశ ఇవ్వడం ఆమెకి అవమానం. వెనక వేస్తే మనిషికి పని పోతుంది. కూతకీ గరిటెకీ మధ్య ఆలోచన అనేది ఉండేది కాదు. ఒకసారి నేను పక్కన కూర్చుని ఏదో కబురు చెబుతుంటే, నా మాట సగంలో ఉండగా కూత పడింది. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం దానంతట అది గరిటె అందుకుంది. ఏం కావాలని ఎవరినీ అడిగేది కాదు, ఎవరూ చెప్పేవారూ కాదు. ఉన్నది దోశ. వచ్చినవాడికి ఆకలి. ఇంకేమిటి మాట్లాడేది?

మామయ్య రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. వాళ్లు తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నారు. కిటికీ పోయినా పెనం ఊరుకోలేదు కాబట్టి, పూరీ గేట్ దగ్గర రేకుల కొట్టు ఒకటి వెలిసింది. ఆ చోటు ఎంచుకున్నది అత్తే. "ఇక్కడికి కూత బాగా ఇనబడతాది" అన్నదొక్కటే ఆమె చెప్పిన కారణం. సాంబారు అక్కడే మొదలైంది. బెంగాలీ వాళ్లు బంగాళాదుంప లేకుండా ఏ కూరా ఊహించలేరు గనక, వాళ్లలో ఒకాయన ఒకసారి అడిగాడని సాంబారులో దుంప ముక్కలు వేసింది. వాళ్లకి నచ్చింది. మాకూ అలవాటైంది. ముప్ఫై ఏళ్ల తరవాత మా ఇళ్లలో పండగ రోజున కూడా దుంప లేని సాంబారు ఎవరూ ముట్టుకోని స్థితికి వచ్చాం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కలకత్తాలో ఒక దినపత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో, మా ఊళ్లో మారుతున్న తిండి అలవాట్ల మీద ఒక వ్యాసం రాశాను. అప్పుడే గోల్‌బజార్లో చౌమిన్ బండి ఒకటి వచ్చింది. బండి ముందు ఎర్ర అక్షరాలతో ఫాస్ట్ ఫుడ్ అని రాసి ఉండేది. పెద్ద మూకుడు, కింద బుసకొట్టే మంట, గాల్లోకి ఎగిరిపడే నూడుల్సు. సాయంత్రమైతే జనం చుట్టూ మూగేవారు. తరవాత ఎగ్ రోలు వచ్చింది, మోమో వచ్చింది, ఇంకా తరవాత అద్దాల తలుపులూ ఏసీ ఉన్న పిజ్జా దుకాణాలు వచ్చాయి. ఇప్పుడు వీపున చదరపు పెట్టె తగిలించుకుని మోటారు సైకిళ్ల మీద తిరిగేవాళ్లు మా సందులకి నాకన్నా బాగా దారులు చెప్పగలరు. ఇదంతా రాబోతోందని ఆ వ్యాసంలో బాగానే ఊహించాను. కానీ మొదటి వాక్యం ఇలా రాశాను: ఖరగ్‌పూర్‌కి ఫాస్ట్ ఫుడ్ ఒక చౌమిన్ బండి మీద వచ్చింది.

మామయ్య ఆ పత్రిక కొట్టుకి తెచ్చుకుని, అత్తకి వాక్యం వాక్యం తెలుగులో చెప్పాడట. ఆ వారం నేను ఇంటికి రాగానే ఆమె దోశ నా ముందు పెట్టి అడిగింది. "ఫాస్టంటే ఏట్రా?"

"తొందరగా అత్తా."

"మరి నాను ఇన్నేళ్లూ ఏటి పెట్టినాను? స్లో ఫుడ్డా?"

మామయ్య పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదని ఆ రోజు గమనించలేదు. విలేకరికి అంత చూపు లేకపోవడం చిన్న లోపం కాదు. మామయ్య పోయిన కొన్నేళ్లకి, వాళ్లబ్బాయి ఖరిదాలో ఉండే బెంగాలీ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆ కోడలు కొట్టులో అడుగుపెట్టాక మొదట చేసిన పని బోర్డు రాయించడం. మూడు భాషల్లో దోశ అని రాయించి సరిపెడదామనుకుంది. పెయింటరు నిచ్చెన దిగబోతుంటే అత్త కింద నిలబడి, "ఫాస్టని రాసినాడా? రాయలేదా? మళ్లీ ఎక్కమను" అంది. చదువుకోని భాషలో ఆమె పట్టుబట్టిన ఒకే ఒక్క మాట అది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు గనక నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

పోయిన శీతాకాలంలో పూరీ గేట్ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తారని కొలతలు తీసుకున్నారు. టేపులు పట్టుకుని వచ్చిన వాళ్లు వరసగా కొట్లన్నిటి మీదా ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. మా అత్త కొట్టులో ఆ గీత పొయ్యికీ బెంచీకీ మధ్య పడింది. అంటే కూర్చునే బెంచీ ఉంటుంది, పొయ్యి ఉండదు. తిండికి లోటేమీ లేదు. అత్త కొడుకు రైలింజను డ్రైవరు, మంచి జీతం. అతను, "అమ్మా, చాలు, ఇంక కూర్చో" అన్నాడు. అత్తకి అదే అర్థం కాలేదు. నాతో తాల్‌బగీచా ఇంటి అరుగు మీద కూర్చుని ఒకసారి అంది: "కూర్సుంటే ఏటవుతాది? కూత పడతాది. నా సెయ్యి లెగుస్తాది. లెగిసిన సెయ్యి ఎక్కడ పెట్టుకోను?" డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆమెకి డబ్బు కాదు కావలసింది, పెనం పెట్టుకునే చోటు.

ఆ చోటు సంగతి తెచ్చింది కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని. చదువుకునేది ఏదో లోహాల శాస్త్రం. మూడేళ్ల కిందట మొదటిసారి కొట్టుకి వచ్చి, తెలుగు మాటలు విని సంతోషించి, సాంబారు నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది.

"గిదేంది అమ్మమ్మా, సాంబార్ల ఆలుగడ్డ ఉన్నది?"

"దుంప లేకపోతే సాంబారేటే?"

"మా దిక్కు ఎవ్వరూ ఎయ్యరు."

"మీ దిక్కు మంచిది కాదేమో మరి. తిను."

తిట్టుకుంటూనే వారానికి మూడుసార్లు వచ్చేది. దోశ కోసం కాదు, ఆ తిట్ల కోసం వస్తున్నానని నాతో చెప్పింది. ఎర్రగీత చూసిన రోజున ఆ అమ్మాయే చెప్పింది, తమ ఫుడ్ కోర్టులో ఒక కౌంటరు ఖాళీ అవుతోందని, బయటివాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని. కోడలు ఫోనులో ఆ దరఖాస్తు తెరిచింది. ఏ రకం తిండి అన్న చోట రెండు గళ్లు ఉన్నాయి, ప్రాంతీయ వంటకాలు అని ఒకటి, ఫాస్ట్ ఫుడ్ అని ఒకటి. కోడలు మొదటి దాని మీద వేలు పెట్టబోయింది. అత్త ఏమి రాస్తున్నావని అడిగింది. కోడలు వివరించింది.

"రెండోది నొక్కు" అంది అత్త.

ఆ అమ్మాయి గాభరా పడింది. "వద్దు అమ్మమ్మా. ఫాస్ట్ ఫుడ్ అంటే టైం చూస్తరు. మూడు దినాలు పక్కపక్కన నిలబెడతరు, ఎవరిది జల్ది వస్తదో కొలుస్తరు. బర్గరోళ్లు, నూడుల్సోళ్లు ఉంటరు. మొదటిది పెడితే గా లొల్లి లేదు."

"సూడనీ. కొలవనీ" అంది అత్త. అని నా వైపు ఒకసారి చూసింది. అంతే, ఒక్కసారే. నేను ఆ వ్యాసం రాసి ముప్ఫై ఏళ్లు దాటింది. నాకు మాత్రం నిన్న అచ్చయినట్టే అనిపించింది.

సోమవారం మొదటి రోజు. పిండి రెండు డబ్బాల్లో, పెనం గోనెసంచిలో చుట్టి, ఆటోలో వెళ్లాం. ఫుడ్ కోర్టు చక్కగా ఉంది, గాలీ వెలుతురూ, చుట్టూ చెట్లు. బర్గరు కౌంటరులో ఇద్దరు ఒకే రంగు టోపీలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ల యంత్రాలు టింగుమని మోగుతుంటాయి. క్లాసుల మధ్య విరామంలో జనం ఒక్కసారిగా వస్తారని, అప్పుడే కొలుస్తామని ఆఫీసరు గారు ముందే చెప్పారు. అత్త పొయ్యి వెలిగించి మంట సన్నగా పెట్టింది. పెనానికి ఉల్లిపాయ రాసింది. గరిటె పిండి గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. కోడలు ప్లేట్లలో చట్నీ వేసి సిద్ధంగా ఉంచింది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. ముగ్గురం ప్రశాంతంగా ఉన్నాం. అంత ప్రశాంతంగా ఎందుకున్నామో అప్పుడు నాకు తట్టలేదు.

జనం వచ్చేశారు. ఎక్కడినుంచో వరద వచ్చినట్టు వచ్చారు. మా కౌంటరు ముందు ఇరవై మంది చేరారు. దోశ కదా, కొత్త కదా, ఆశగా చూస్తున్నారు. అత్త అలాగే చేతులు కట్టుకుని నిలబడి, వాళ్లతో తెలుగులో, ఎంతో నమ్మకంగా అంది: "ఉండండి నాయినా, ఇంకా కూత పళ్లేదు."

కోడలు అది విని బెంగాలీలోకి తర్జుమా కూడా చేసింది, ఒక్క నిమిషం ఆగండి అని. తనకీ అనుమానం రాలేదు. అత్త కూతకి ముందు గరిటె ముంచగా ఆ పిల్ల పెళ్లయినప్పటి నుంచీ చూడలేదు. నాకూ రాలేదు. నేను నిజంగా చెవి ఒగ్గి వింటున్నాను. ఖరగ్‌పూర్‌లో ఇన్నేళ్లు బతికిన ముగ్గురు పెద్ద మనుషులం, వర్క్‌షాపు నుంచి అంత దూరాన, చెట్ల మధ్య, యంత్రాల చప్పుడులో, మా కూత కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాం. కూత వినపడదు. వినపడినా దాని వేళ వేరు, వీళ్ల క్లాసు వేళ వేరు. వరసలో వెనక నిలబడ్డ కరీంనగర్ అమ్మాయి గట్టిగా, "అమ్మమ్మా, కూత ఏంది? పొయ్యండి!" అని అరిచేదాకా మాలో ఎవరూ కదల్లేదు. అప్పటికి సగం మంది పక్క కౌంటరుకి వెళ్లిపోయారు. అత్త కంగారులో మంట పెంచింది. మొదటి దోశ అంటుకుపోయింది. రెండోది ఇచ్చేసరికి విరామం అయిపోవచ్చింది. ఆఫీసరు గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఇంటికొచ్చాక కోడలు ధైర్యం చేసి, "అత్తమ్మా, ఫోన్‌లో అలారం పెట్టీసెయ్యనా? కూత లాగే మోగుతాది, ఠీక్ ఆఛే?" అంది. ఆ పిల్ల తెలుగు ఆ ఇంట్లోనే నేర్చుకుంది కాబట్టి అత్త మాటే వస్తుంది, మధ్యలో సొంత భాష తొంగిచూస్తుంది. కరీంనగర్ అమ్మాయికి ఫోను చేసి అడిగాం. అలారం పనికిరాదంది. ఒక ప్రొఫెసరు వేళకి వదులుతాడట, ఇంకొకాయన బోర్డు తుడిచాక కూడా మాట్లాడతాడట. అలారం ప్రకారం పోస్తే దోశలు చల్లారి ఉంటాయి. యంత్రంలో వేడి చేసి ఇవ్వొచ్చు కదా అని నేనన్నాను. అత్త ముఖం చూసి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తరవాత ఆమె ఒక్కటే అడిగింది. "ఆ పిల్లలు నడిసి వొచ్చినారా? సైకిళ్లా?"

సైకిళ్లే. ఆ సంస్థలో అందరికీ సైకిళ్లే.

మంగళవారం అత్త మమ్మల్ని గంట ముందు బయల్దేరదీసింది. వెళ్లగానే పొయ్యి వెలిగించలేదు. ఫుడ్ కోర్టు చుట్టూ ఒకసారి మెల్లిగా నడిచి వచ్చింది. మోకాళ్ల నొప్పులు, అయినా నన్ను తోడు రానివ్వలేదు. తిరిగొచ్చి, "పొయ్యి ఇటు తిప్పు" అంది. కౌంటరు వెనక వైపు చిన్న గోడ, దాని మీదుగా చూస్తే దూరంగా క్లాసుల భవనం, దాని ముందు సైకిళ్ల స్టాండు. వందల సైకిళ్లు ఎండలో మెరుస్తున్నాయి. నేనూ కోడలూ పొయ్యి తిప్పాం. ఇప్పుడు అత్త వీపు కొనేవాళ్ల వైపు, ముఖం స్టాండు వైపు. ఆఫీసరు గారు అది చూసి మొహమాటపడుతూనే, కొనేవాళ్లకి వీపు చూపిస్తే బాగుండదేమో మాసీమా అన్నారు. కోడలు తెలుగులో చెప్పింది. "నా మొకం సూసి వొస్తారేటి? దోశ సూసి వొస్తారు. అలా సెప్పు" అంది అత్త. కోడలు అది కొంచెం మర్యాదగా మార్చి చెప్పింది.

అత్త చూపు స్టాండు మీద. నేను కూడా కుర్చీలోంచే అటు చూశాను. దూరాన భవనం తలుపు తెరుచుకుంది. ఒకరు, ఇద్దరు, తరవాత గుంపు. స్టాండులో తాళాలు తీస్తున్న చప్పుడు, స్టాండ్లు వెనక్కి తన్నే టకటక, గంటల గణగణ, అన్నీ కలిసి గాల్లో తేలుతూ వచ్చాయి. అది కూత కాదు. కానీ అత్త చెయ్యి దానంతట అది లేచింది. గరిటె పిండిలో మునిగింది. మొదటి సైకిలు మలుపు తిరిగే వేళకి అంచులు లేచాయి. సైకిలు ఫుడ్ కోర్టు ముందు ఆగేసరికి నాలుగు దోశలు ఎర్రబడి ఉన్నాయి. ఆ తరవాత జరిగింది మొదట్లోనే చెప్పాను. బర్గరు కౌంటరులోని టోపీ కుర్రాళ్లిద్దరూ పని ఆపి ఇటే చూశారు. వాళ్లలో ఒకడు మా కోడలితో, "దీదీ, వీళ్లు వస్తున్నట్టు ఆమెకెలా తెలిసింది?" అని అడిగాడు. కోడలు ఒక దోశ వాడికిచ్చింది.

కరీంనగర్ అమ్మాయి ఆఖరున వచ్చి తింటూ, సాంబారులో దుంప ముక్క చెంచాతో పైకెత్తి చూపించి, "గీడ కూడా ఏసినవా?" అంది. అత్త అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగింది. "ఫాస్టు కావాలంటే దుంప కూడా తినాలి మరి" అంది. తరవాత నా వైపు చూసి, "ఒరే, రాసుకున్నావా?" అంది.

రాసుకున్నానని చెప్పాను. నిజానికి అప్పటికి రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఖరగ్‌పూర్‌కి ఫాస్ట్ ఫుడ్ చౌమిన్ బండి మీద రాలేదు. వర్క్‌షాపు కూత పడుతుండగా, రైల్వే క్వార్టరు వంటింటి కిటికీలోంచి, శాలాకులో మడిచిన దోశగా వచ్చింది. అది తిన్నవాడు సైకిలు దిగలేదు. అది వేసిన మనిషి గడియారం చూడలేదు. బుధవారం కూడా అలాగే జరిగింది, సైకిళ్లు కదిలాయి, దోశలు అందాయి. మూడో రోజు సాయంత్రం ఆఫీసరు గారు అత్తకి నమస్కారం పెట్టి, కమిటీ కూర్చుని నిర్ణయిస్తుందని, ఉత్తరం వస్తుందని చెప్పారు.

ఇది జరిగి నెలన్నర అయింది. అత్త రోజూ పొద్దున్నే పూరీ గేట్ వెళుతోంది. పొయ్యికీ బెంచీకీ మధ్య ఎర్రగీత అలాగే ఉంది. దాన్ని తుడవడానికీ ఎవరూ రాలేదు, దాని ప్రకారం కొట్టు తియ్యడానికీ ఎవరూ రాలేదు. కూత పడుతుంది, గరిటె మునుగుతుంది. యాభై ఏళ్లలో ఆమె దోశ ఎవరినీ ఆగనివ్వలేదు. ఇప్పుడు ఆమే ఆగి ఉంది, ఈ ఎదురుచూపుకి ఎంతసేపు పడుతుందో చెప్పే కూత ఏదీ లేదు. నిన్న సాయంత్రం కొట్టు మూసేటప్పుడు కోడలు ఫోనులో మెయిలు తెరిచి చూసింది. ఉత్తరం ఇంకా రాలేదు.